కొనేవారు యార్డులో, మీరు బెంగళూరులో

సమస్య: నాకు 29 ఏళ్లు. మాది గుంటూరు. నాన్నగారు మిర్చి యార్డులో ఒక కమీషన్ దుకాణంలో ముప్పై ఏళ్లు గుమాస్తాగా పనిచేశారు. నేను బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి, మిర్చిని ఫోన్‌తో ఫొటో తీస్తే అందులో తాలు (రంగు పోయిన నాసి కాయలు) ఎంత ఉందో, రంగు ఎలా ఉందో చెప్పే యాప్ మీద మూడేళ్లుగా పనిచేస్తున్నాను. నాన్నగారిచ్చిన ఎనిమిది లక్షల్లో లక్షన్నర మిగిలింది. భాగస్వామి మళ్లీ ఉద్యోగంలో చేరిపోయాడు. ఇంట్లో మాత్రం అంతా బాగుందని చెబుతున్నాను. రెండు సంక్రాంతులకు వెళ్లలేదు. నిద్ర పట్టడం లేదు. ఇప్పుడు తిరిగి వచ్చేస్తే ఓడిపోయినట్టేనా?

సలహా: మీ పూర్తి ఉత్తరం నాలుగు పేజీలు. అందులో పెట్టుబడిదారులు ప్రతి పేజీలోనూ ఉన్నారు, రైతు ఒక్కచోట కనిపించాడు, సరుకు చూసి ధర చెప్పే వ్యాపారి ఎక్కడా లేడు. తేజ, 334 వంటి మిర్చి రకాల టిక్కీలు (బస్తాలు) దిగేది, వాటిలో తాలు ఎంతో చూసి రేటు తేల్చేది గుంటూరు యార్డులో అయినప్పుడు, ఆ పనికి పనికొచ్చే సాధనాన్ని మీరు బెంగళూరులో కూర్చుని, మిర్చి ముట్టుకోని వారి మెప్పు కోసం మూడుసార్లు మార్చారు. (ఆ 334 రకం కూడా మన పక్కనున్న లాం పరిశోధన స్థానంలోనే రూపుదిద్దుకుంది.) బెంగళూరు మీకేమీ ఇవ్వలేదని అనను, యాప్ తయారుచేసే నేర్పు అక్కడే వచ్చింది, రేపు పెట్టుబడి అవసరమైనా అక్కడికే వెళ్లవలసి రావచ్చు. అయితే ప్రస్తుతం మీరు అక్కడ కడుతున్న అద్దె ఆలోచన కోసమా, చుట్టూ ఉన్నవారితో సమానంగా కనిపించడం కోసమా అన్నది మీరే నిజాయితీగా తేల్చుకోవాలి.

నన్ను అంతకంటే ఎక్కువగా ఆలోచింపజేసింది మరొకటి. ముప్పై ఏళ్లు టిక్కీలో చెయ్యి పెట్టి తేమ, రంగు, తాలు అంచనా కట్టిన మనిషి మీ ఇంట్లోనే ఉన్నారు. ఆయన దగ్గర డబ్బు తీసుకున్నారు గానీ, ఈ మూడేళ్లలో ఆయన్ను ఒక్క ప్రశ్న అడిగినట్టు మీ ఉత్తరంలో లేదు. ఆయన ఎదుట విఫలుడిగా నిలబడలేననే బెరుకు వల్లనే మీరు అడగలేదని, ఆ బెరుకే అబద్ధాలు చెప్పిస్తోందని నాకనిపిస్తోంది.

కాబట్టి ముందు లెక్క చెప్పండి. ఎంత ఖర్చయింది, ఎందుకు అయింది, ఎంత మిగిలింది అన్నది ఒక కాగితం మీద రాసి, "నాన్నా, ఇన్నాళ్లూ దాచాను, ఇదీ ఉన్న సంగతి" అని ఆయన ముందు పెట్టండి. ఆయనకు కోపం రావచ్చు, అమ్మగారు వెంటనే ఉద్యోగం చూసుకోమనవచ్చు. ఆ రెండు మూడు రోజులు ఎదురు మాట్లాడకండి. తర్వాత ఆయన్ను వెంటబెట్టుకుని యార్డుకు వెళ్లి, ఆయన కంటి అంచనా ఒకవైపు, మీ యాప్ అంచనా మరోవైపు రాసుకుంటూ వంద నమూనాలు చూడండి. రెండూ పొంతన లేకుండా ఉంటే, లేదా కనీసం ఇద్దరు వ్యాపారులైనా డబ్బిచ్చి వాడతామనకపోతే, ఉద్యోగంలో చేరి ఈ పనిని సెలవు రోజులకు పరిమితం చేయండి. లక్షన్నర దాటి ఒక్క రూపాయి కూడా పెట్టవద్దు; ఇల్లు తాకట్టు మాట, వ్యక్తిగత పూచీతో అప్పు మాట అసలు ఎత్తవద్దు.

నిద్ర సంగతి తేలిగ్గా తీసుకోకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. నిద్రలేమి వారాల తరబడి సాగితే మానసిక వైద్యుణ్ణి కలవండి.

వేసవిలో యార్డుకు సెలవులు ఇస్తారని మీకు తెలిసినదే. కొత్త పంట రాక జోరుగా ఉన్నప్పుడే కొండవీడు ఎక్స్‌ప్రెస్ ఎక్కండి. లెక్క మాత్రం ఫోన్‌లో చెప్పకండి, నాన్నగారి ఎదురుగా కూర్చుని చెప్పండి.