సల్ఫైడ్ పౌడర్‌ని ఎన్‌ఎంపీలో కలపొచ్చా?

ప్రశ్న: సార్, నేను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ ఫైనలియర్. ప్రాజెక్టుకి సాలిడ్ స్టేట్ బ్యాటరీ (ద్రవం బదులు ఘన ఎలక్ట్రోలైట్ ఉండేది) తీసుకున్నాను. సల్ఫైడ్ ఎలక్ట్రోలైట్‌ని క్యాథోడ్ పౌడర్‌తో కలిపి ఫాయిల్ మీద కోటింగ్ వెయ్యాలి. మా ల్యాబ్‌లో పౌడర్‌ని అతికించే బైండర్ పీవీడీఎఫ్, దాన్ని కరిగించే సాల్వెంట్ ఎన్‌ఎంపీ ఉన్నాయి, వాటితో అయిపోద్దా? గ్లోవ్‌బాక్స్ (గాలీ తేమా తగలకుండా లోపల పని చేసుకునే మూసిన పెట్టె) అయితే లేదు. పాడైపోద్దని సీనియర్లు అంటున్నారు గానీ ఎందుకో ఎవరూ చెప్పట్లేదు.
– ఒక విద్యార్థిని, ఆమదాలవలస

జవాబు: సీనియర్లు చెప్పింది నిజమే అమ్మా. సల్ఫైడ్ ఎలక్ట్రోలైట్లో ఫాస్ఫరస్ చుట్టూ నాలుగు సల్ఫర్లు ఉంటాయి, కానీ ఫాస్ఫరస్‌కి సల్ఫర్ కన్నా ఆక్సిజన్‌తోనే బంధం గట్టిగా పడుతుంది, అందుకని ఎన్‌ఎంపీలో ఉన్న ఆక్సిజన్ వెళ్లి ఆ ఫాస్ఫరస్‌ని పట్టుకుంటుంది, సల్ఫర్ బంధాలు తెగిపోతాయి, స్లర్రీ (కోటింగ్‌కి కలిపిన ముద్ద) రంగు మారిపోతుంది, తర్వాత ఎంత ఆరబెట్టినా పోయిన కండక్టివిటీ (లిథియం అయాన్లని మోసే గుణం) తిరిగి రాదు. ఇండస్ట్రీలో అయితే టోలుయిన్, జైలీన్ లాంటి నాన్‌పోలార్ సాల్వెంట్లు వాడతారు, వాటిలో పీవీడీఎఫ్ కరగదు కాబట్టి బైండర్‌గా నైట్రైల్ రబ్బరు వేస్తారు. అసలు సాల్వెంటే లేకుండా టెఫ్లాన్ పౌడర్‌ని నార సాగేలా నూరి షీటు చేసే పద్ధతీ ఉంది.

ఇదంతా దాటినా ఛార్జింగ్ దగ్గర ఇంకో చిక్కు ఉంది. సల్ఫైడ్ లెక్క ప్రకారం నిలకడగా ఉండేది సుమారు 1.7 నుంచి 2.1 వోల్టుల మధ్యే, నికెల్, మాంగనీస్, కోబాల్ట్ ఉండే ఎన్‌ఎంసీ క్యాథోడ్ మరి 4.3 దాకా వెళ్తుంది. అందుకే సల్ఫైడ్ నేరుగా తగలకుండా క్యాథోడ్ రేణువుల మీద ముందే కొన్ని నానోమీటర్ల లిథియం నయోబేట్ పొర వేస్తారు.

ఇప్పుడు అసలు మాట. గ్లోవ్‌బాక్స్ లేకుండా సల్ఫైడ్ సీసా మూత తియ్యకు. మన శ్రీకాకుళం సముద్రపు గాలిలో తేమ ఎంతుంటుందో నీకు తెలుసు, తేమ తగిలితే హైడ్రోజన్ సల్ఫైడ్ వస్తుంది, మొదట కుళ్లిన గుడ్డు వాసనే గానీ 100 పీపీఎం దగ్గరకొచ్చేసరికి ముక్కు మొద్దుబారిపోయి ఆ వాసన కూడా తెలీదు, ప్రాణం మీదకొస్తుంది. సల్ఫైడ్ బదులు క్లోరైడ్ రకం ఎలక్ట్రోలైట్లు వాడదామంటే, అవి 4 వోల్టులు దాటినా తట్టుకుంటాయి గానీ వాటికీ తేమ పడదు.

నీ ల్యాబ్‌కి సరిపడేది ఎల్‌ఏటీపీ, అంటే లిథియం, అల్యూమినియం, టైటానియం ఉన్న ఫాస్ఫేట్ ఎలక్ట్రోలైట్. ఇది ఫాస్ఫేట్ కాబట్టి ఫాస్ఫరస్ చుట్టూ ముందే ఆక్సిజన్ ఉంది, మామూలు గాలికీ ఎన్‌ఎంపీకీ చెక్కుచెదరదు. ఎల్‌ఎల్‌జెడ్‌ఓ (లిథియం, లాంథనం, జిర్కోనియం ఆక్సైడ్ ఎలక్ట్రోలైట్) వాడమని ఎవరైనా అంటే వద్దను, దాని క్షారగుణానికి పీవీడీఎఫ్ గోధుమ రంగుకి తిరిగి స్లర్రీ గడ్డకట్టుకుపోతుంది. ఎల్‌ఏటీపీ రేణువులు మాత్రం సల్ఫైడ్‌లా ఒత్తిడికి అతుక్కోవు, అందుకని సెల్ కట్టేటప్పుడు రెండు చుక్కల లిక్విడ్ ఎలక్ట్రోలైట్ వెయ్యాల్సి రావొచ్చు, వేస్తే ఆ సంగతి రిపోర్టులో తప్పకుండా రాయి. ఎల్‌ఏటీపీని లిథియం మెటల్‌కి నేరుగా తగలనివ్వకు, లోపలున్న టైటానియం రెడ్యూస్ అయి నల్లబడుతుంది, మధ్యలో సెపరేటర్ పెట్టు.