నాలుగు సెషన్లయినా మార్పు లేదు, థెరపిస్టును మార్చాలా?

ప్రశ్న: వైజాగ్‌లో ఉద్యోగం మానేసి, పెళ్లయ్యాక గుణుపురం వచ్చాను. అత్తమామలతో కలిసి ఉంటున్నాం. నిద్ర లేదు, ఊరికే ఏడుపొస్తుంది, గుండె దడ. హైదరాబాదులో ఉండే థెరపిస్టు ఆవిడతో ఆన్‌లైన్‌లో, ఇంగ్లీషులో నాలుగు సెషన్లయ్యాయి. మాట్లాడినంతసేపు తేలిగ్గా ఉంటుంది, తెల్లారితే మళ్లీ మామూలే. మానేయాలా, మనిషిని మార్చాలా?

జవాబు:

ఇప్పుడే మార్చకండి. మొదటి రెండు సెషన్లు మామూలుగా మీ సంగతులు వినడానికే సరిపోతాయి: ఇల్లు, చదువు, పాత జబ్బులు, ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఎక్కువవుతుంది. అంటే అసలు పని జరిగింది రెండు గంటలే. నాకు తేడా కొట్టింది ఇంగ్లీషు దగ్గర.

ఇంగ్లీషులో చెప్పేటప్పుడు చాలామంది ఆఫీసులో రిపోర్టు ఇచ్చినట్టు చెప్తారు. ‘స్ట్రెస్‌గా ఉంది’ అని ఒక్క మాటలో తేల్చేస్తారు, అవతలివాళ్లూ అదే రాసుకుంటారు. అదే ‘అమ్మ మీద బెంగ’ అనాల్సి వస్తే గొంతు పట్టేస్తుంది. బెంగ వేరు, దిగులు వేరు, గాభరా వేరు, కసి వేరు. గాభరాకి ఒంటిని శాంతపరిచే సాధన కావాలి. దిగులుకి ఖాళీ అయిపోయిన రోజును మళ్లీ పనులతో నింపాలి. కసికి ఎవరితో ఏ మాట మిగిలిపోయిందో తేల్చుకోవాలి. అన్నిటినీ స్ట్రెస్ అనే ఒకే మూటలో కట్టి ఇస్తే ఆవిడ మాత్రం ఏ ముడి విప్పుతుంది? తెలుగు వచ్చా అని ముందు అడగండి. వచ్చినా, హైదరాబాదులో ఉండే ఆవిడకి మన శ్రీకాకుళం, పర్లాకిమిడి వైపు మాట కొత్త కావచ్చు. మనసు బాగోలేక మీరు ‘ఏటీ తోచట్లేదు’ అంటే కాలక్షేపం లేదని ఆవిడ అనుకోవచ్చు. ఆ మాటతో పాటు ఒంట్లో ఏమవుతుందో కూడా చెప్పండి: గుండెలో బరువా, అరచేతుల్లో చెమటా, కడుపులో తిప్పడమా. తెలుగు అసలు రాదంటే, ఆ ఒక్క కారణంతో మార్చుకోవడం తప్పేం కాదు.

అర్హత కూడా చూసుకోండి. క్లినికల్ సైకాలజిస్టు అయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదై సి.ఆర్.ఆర్. నంబరు ఉంటుంది. అడిగితే చెప్పాలి, దాచాల్సిన సంగతి కాదు. ‘కౌన్సెలర్’ అనే బోర్డు ఎవరైనా పెట్టుకోగలరు కాబట్టి ఏం చదివారో అడగండి. సైకాలజిస్టు మందులు రాయరు. అది సైకియాట్రిస్టు పని.

ఇక ఉమ్మడి ఇల్లు. అసలు తంటా ఇక్కడే. ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే అవతలి గొంతు దాగుతుంది, మీ గొంతు దాగదు. గదిలో ఫ్యాను పెంచి, తలుపు బయట టీవీ మోగుతుండగా మాట్లాడితే కొంత నయం. డాబా, ఆగి ఉన్న కారు, ఒంటరిగా ఉండే స్నేహితురాలి ఇల్లు ఇంకా మేలు. అత్తగారు మధ్యాహ్నం నడుం వాల్చే వేళ చూసుకుని ప్రతి వారం అదే గంట ఖాయం చేసుకోండి. ఎవరైనా దగ్గరికి వస్తే అనడానికి ‘పొయ్యి మీద పాలున్నాయండి’ లాంటి మాటొకటి థెరపిస్టుతో ముందే అనుకోండి. ఆ మాట వినగానే ఆవిడ అవును, కాదు అని చెప్పగలిగే ప్రశ్నలకి మారిపోతుంది. ఇది లేకపోవడం వల్లే చాలామంది సెషనంతా వాతావరణం, వంటల గురించి మాట్లాడి డబ్బు పోగొట్టుకుంటారు. ఫోన్ ఇంట్లో పదిమంది చేతుల్లో తిరుగుతుంటే, లాక్ స్క్రీన్ మీద మెసేజ్ కనపడకుండా సెట్టింగ్ మార్చండి. డబ్బు ఉమ్మడి ఖాతా నుంచి వెళ్తే అక్కడ పేరు పడుతుందని కూడా గుర్తుంచుకోండి.

కరెంటు పోతే వైఫై పోతుంది. వానాకాలం మన వైపు అది చెప్పాల్సిన పనే లేదు. మొబైల్ డేటా సిద్ధంగా ఉంచి, వీడియో తడబడితే మామూలు ఫోన్ కాల్‌కి మారదామని ముందే అనుకోండి. కాల్ తెగితే ఎవరు చేయాలి, ఎన్ని నిమిషాలు చూడాలి, పోయిన సమయం మళ్లీ ఇస్తారా అన్నవి మొదటి రోజే తేలాలి. మీ చిరునామా, అవసరమైతే పిలవాల్సిన ఒక మనిషి నంబరు ఆవిడ అడిగితే అనుమానించకండి, ఇచ్చేయండి. వందల మైళ్ల అవతల కూర్చున్న మనిషికి, ప్రమాదం వస్తే సాయం పంపడానికి అవే ఆధారం. ఇంట్లోవాళ్ల నంబరు ఇష్టం లేకపోతే వైజాగ్ స్నేహితురాలిది ఇవ్వండి. ఫీజు భర్త కట్టినా మీ మాటలు ఆయనకి చెప్పే హక్కు థెరపిస్టుకి లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ గోప్యతను మీ హక్కుగా చెప్తుంది. ప్రాణానికి ముప్పు లాంటి కొన్ని సందర్భాలు మినహాయింపు.

తేలిక తెల్లారేసరికి ఎందుకు పోతుందంటే, ఏడ్చి బరువు దించుకున్నారు తప్ప మర్నాడు చేయడానికి కొత్తగా ఏ పనీ తీసుకోలేదు. ‘సంతోషంగా ఉండాలి’ అన్న లక్ష్యంతో థెరపిస్టు ఏం చేయలేరు. ‘వారంలో నాలుగు రాత్రులు పదకొండింటికి పడుకోవాలి’, ‘ఉద్యోగం మళ్లీ చేస్తానని మావగారితో చెప్పగలగాలి’, ఇలా కొలవగలిగినవి ఇవ్వండి. కొలతకి పి.హెచ్.క్యూ.-9 అనే, దిగులు ఎంతుందో చూసే ప్రశ్నల పట్టీ అడగండి: తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. గత రెండు వారాలను బట్టి జవాబివ్వాలి. 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే తేలిగ్గా తీసుకోకూడదు. మొదటిసారి వచ్చిన అంకె రాసిపెట్టుకుని రెండు మూడు వారాలకోసారి మళ్లీ నింపండి. అయిదు తగ్గితే అది నిజమైన మార్పే.

సెషన్ల మధ్య ఏ రోజుకారోజు ఒక కాగితం రాయండి, అందులో నాలుగు గడులు చాలు: ఏం జరిగింది, అప్పుడు మనసులో మెదిలిన మాట, ఒంట్లో ఏమైంది, తర్వాత ఏం చేశారు. తెలుగులోనే రాయండి. సెషన్‌కి ముందురోజు రాత్రి కూర్చుని వారమంతా ఒకేసారి నింపితే మాత్రం పనికిరాదు. అప్పటికి మనసు అన్నిటికీ ఒకే రంగు పూసేసి ఉంటుంది. ముక్కుతో నాలుగు లెక్కపెట్టి పీల్చడం, ఆరు లెక్కపెట్టి వదలడం కూడా ఇస్తారు. ఇది బాగున్న వేళ రోజుకి రెండుసార్లు, అయిదేసి నిమిషాలు చేస్తే కుదురుతుంది. దడ వచ్చినప్పుడే మొదటిసారి ప్రయత్నించి ‘ఇది పనిచేయదు’ అనేవాళ్లే ఎక్కువ. నిద్ర విషయంలో మొదట సరిచేయాల్సింది లేచే వేళ. రాత్రి ఎప్పుడు పడుకున్నా ఒకే గంటకి లేవాలి. ఇరవై నిమిషాలైనా నిద్ర పట్టకపోతే మంచం దిగిపోవాలి.

ఇంకోటి, థైరాయిడ్, హిమోగ్లోబిన్, బి12 పరీక్షలు చేయించండి. నీరసం, దడ, దిగులు వాటివల్లా వస్తాయి. థైరాయిడ్ తేడా ఉంటే ఎన్ని సెషన్లు చేసినా సగమే ఫలితం.

చచ్చిపోవాలన్న ఆలోచన వచ్చినా, రాత్రుళ్లు వరసగా అసలు కంటిమీద కునుకు లేకపోయినా, లేని మాటలు వినపడినా వచ్చే సెషన్ దాకా ఆగకండి. 14416 టెలిమానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ లైన్) ఉచితం, రాత్రీ పగలూ పలుకుతుంది. తెలుగు కావాలని అడగండి. సైకియాట్రిస్టు కోసం బరంపురం ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ, కొరాపుట్ మెడికల్ కాలేజీ, విశాఖ ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి.

వచ్చే సెషన్‌లో మూడు ప్రశ్నలు అడగండి: ఏ పద్ధతిలో చేస్తున్నారు, సుమారు ఎన్ని సెషన్లు, మెరుగైందని దేన్నిబట్టి తెలుస్తుంది. అడగడం మర్యాద కాదేమోనని మొహమాటపడకండి. ఆవిడ చిరాకు పడితే అప్పుడు మార్చండి, మొత్తం డబ్బు ముందే కట్టించుకునే పది సెషన్ల ప్యాకేజీ మాత్రం కొనకండి. నోటితో అడగలేననుకుంటే, ‘తేలిక ఒక్క రోజే ఉంటోంది, తెలుగులో మాట్లాడాలనుంది’ అని ముందురోజు మెసేజ్ పెట్టండి. సెషన్ అక్కడినుంచే మొదలవుతుంది.