పిలిచింది ఒకరిని, వచ్చింది ఇంకొకరు

ప్రశ్న: అమ్మా, ఈసారి కౌలు చేలో వంగ వేశాను. సంక్రాంతి దగ్గర పడుతుండగా మొక్కల మొదళ్లలో ఆకుల్లేని లేత పసుపు కాడలు నేల చీల్చుకుని లేచాయి. వాటికి నీలం పూలు. పెద్దవాళ్లు చూసి ‘మల్లె’ అన్నారు. ఈ చేలో పొగాకు మానేసి అయిదేళ్లయిందట. నేను తెచ్చిన నారు శుభ్రంగానే ఉంది. మరి ఇది ఎక్కడి నుంచి వచ్చింది? – ఒక కౌలు రైతు, పెదనందిపాడు ప్రాంతం

జవాబు: మీ నారులో దోషం లేదు బాబూ. ఇది పూల మల్లె కాదు, పొగాకు, వంగ, టమాటా వేళ్ల మీద పడి బతికే పొగాకు మల్లె అనే కలుపు. గింజ చేలోనే ఉంది. అయిదేళ్లేమిటి, పదేళ్లు దాటినా మట్టిలో చావకుండా పడి ఉంటుంది. దుమ్ములాంటి గింజ, అర మిల్లీమీటరు కూడా ఉండదు. ఒక్కో మల్లె అలాంటివి వేలకు వేలు రాలుస్తుంది.

మా నాన్న పొగాకు వేసే రోజుల్లో బడి నుంచి రాగానే నాకు గంప ఇచ్చి చేలోకి పంపేవారు, మల్లె పీకమని. ఊరికే లాగితే కాడ పుటుక్కున తెగి మొదలు లోపలే ఉండిపోయేది. అప్పుడు తిట్లు తప్పేవి కావు. ఒకరోజు ఒకదాన్ని మట్టిపెళ్లతో సహా పెకలించి ఇంటికి తెచ్చి, గిన్నెలో నీళ్లు పోసి మట్టి వదిలించాను. అడుగున లావుగా, దుంపలాంటి మొదలు. దానికి అతుక్కుని దారమంత పొగాకు వేరు. రెంటినీ విడదీద్దామని గోటితో ఎంత గీకినా, వేరు ఎక్కడ అయిపోయిందో మల్లె ఎక్కడ మొదలైందో దొరకలేదు. మల్లెలో పచ్చదనం లేదు, తన తిండి తను తయారు చేసుకోలేదు. నీళ్లూ చక్కెరా అంతా ఆ అతుకులోంచే లాక్కుంటుంది. తర్వాత గుంటూరులో ఏళ్ల తరబడి వృక్షశాస్త్రం చెప్పాను. ఈ పాఠం వచ్చినప్పుడల్లా ఆ గిన్నే కళ్ల ముందుకొచ్చేది.

ఇక, ఇన్నేళ్లు ఊరుకున్న గింజ ఇప్పుడే ఎందుకు లేచిందంటారా? మీ వంగ వేరు పిలిచింది. అయితే పిలిచింది మల్లెను కాదు.

నేలలో భాస్వరం చాలనప్పుడు వేరు స్ట్రైగోలాక్టోన్లు అనే పదార్థాలను మట్టిలోకి ఎక్కువగా వదులుతుంది. వేళ్లలో కాపురముండి, తన సన్నటి పోగులతో దూరం నుంచి భాస్వరం తెచ్చిపెట్టే శిలీంధ్రం ఒకటుంది. ఎరువులు, పురుగుమందుల దుకాణాల్లో ‘వామ్’ పేరుతో అమ్మేది దాన్నే. వేరు పిలిచేది దాన్ని. ఆ పదార్థం తగలగానే శిలీంధ్రం పోగులు కొమ్మలు వేసుకుంటూ వేరు వైపు సాగుతాయి. అదే పిలుపును పక్కనే పడి ఉన్న మల్లె గింజ కూడా అందుకుంటుంది. ఈ పదార్థం మట్టిలో ఎక్కువసేపు నిలవదు, విరిగిపోతుంది. కాబట్టి అది తగిలిందంటే బతికున్న వేరు కొద్ది మిల్లీమీటర్లలోనే ఉందన్నమాట. అప్పుడే గింజ మొలకెత్తుతుంది.

మనుషులకు మాత్రం ఈ సంగతి తిరగేసి తెలిసింది. ముందు దొంగ దొరికాడు, తర్వాత చుట్టం, చివరికి ఇంటి యజమాని. 1966లో అమెరికాలో పత్తి వేళ్ల నుంచి ఇదే జాతి పదార్థమైన స్ట్రైగోల్‌ను వేరు చేశారు. మల్లెలాగే జొన్న వేళ్ల మీద పడి బతికే స్ట్రైగా అనే కలుపు గింజను మొలిపించేది కాబట్టి ఆ పేరు. శిలీంధ్రాన్ని పిలిచేది కూడా ఇదే జాతి పదార్థమని జపాన్ శాస్త్రవేత్తలు చూపించేసరికి 2005 వచ్చింది. 2008లో ఇంకో సంగతి బయటపడింది: మొక్క తన ఒంట్లో పక్క కొమ్మలు ఎన్ని రావాలో అదుపు చేసుకునే హార్మోను కూడా ఇదే! పత్తి మీద స్ట్రైగా పెరగదని గమనించండి. అయినా పత్తి వేరు దాని గింజను లేపుతుంది. లేచిన మొలక తగిన వేరు దొరక్క కొద్ది రోజుల్లోనే ఎండి చస్తుంది.

మీకు పనికొచ్చేది ఆ చివరి మాటే. తొలకరిలో పెసర, నువ్వు లాంటివి వేస్తే మల్లె గింజల్లో కొన్ని మోసపోయి మొలిచి చచ్చిపోతాయి. ఒక్క పంటతో చేను శుభ్రం కాదు, ఏళ్లు పడుతుంది. ఈలోగా ఆ చేలో వంగ, టమాటా, పొగాకు వద్దు. ఇప్పుడున్న మల్లెను పువ్వు విప్పకముందే మొదలుతో సహా తీయండి. పూసినదాన్ని గట్టు మీద పడేయకండి, పీకిన కాడ మీద కూడా గింజ ముదురుతుంది. తగలబెట్టండి. వచ్చే ఏడు కౌలు మాట్లాడుకునే ముందు ఆ చేలో ఇదివరకు ఏ పైరు వేశారో ఆసామిని తప్పకుండా అడగండి.

ప్రశ్న: మేడమ్ గారూ, మొన్న సార్వా నారుమడిలో కొన్ని మొక్కలు మిగతావాటి కంటే జానెడు పొడుగ్గా, పాలిపోయి పెరిగాయి. బలమైన నారని సంబరపడ్డాం. నాటాక చాలావరకు చచ్చాయి. ఎందుకని? – ఒక పాఠకురాలు, కంకిపాడు

జవాబు: అది బలం కాదమ్మా, జబ్బు. జపాన్‌లో బకానే అంటారు, వెర్రి నారు అని అర్థం. ఫ్యుజేరియం అనే బూజు విత్తనంతో వచ్చి మొక్కలో చేరి, మొక్క సొంత హార్మోన్ లాంటిదే తయారుచేసి పోస్తుంది. కాడ ఒళ్లు తెలియకుండా సాగిపోతుంది. 1926లో కురోసావా అనే శాస్త్రవేత్త ఆ బూజు పెరిగిన ద్రవాన్ని వడగట్టి, బూజు లేకుండా ద్రవం ఒక్కటే పోసినా నారు సాగుతుందని చూపించాడు. ఆ పదార్థానికి 1935లో యబుటా అనే మరో శాస్త్రవేత్త జిబ్బరెల్లిన్ అని పేరు పెట్టాడు. ద్రాక్ష కాయ లావెక్కడానికి కొట్టే జిబ్బరెల్లిక్ ఆమ్లాన్ని ఇప్పటికీ ఆ బూజును పులియబెట్టే తీస్తారు.

ఈసారి కిలో విత్తనానికి లీటరు నీళ్లలో గ్రాము కార్బెండజిమ్ కలిపి, 24 గంటలు నానబెట్టి, మొలక రావడానికి మండె కట్టండి. నారు పీకేటప్పుడు పొడుగువి కనిపిస్తే నాటకుండా ఏరేయండి. ఆ మడిలో పండిన వడ్లు మాత్రం విత్తనానికి ఉంచుకోవద్దు.