పాత ఉలికి పదును: మేనల్లుడికి ఒక లేఖ

కవిటి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

విజయనగరంలో పాత ఇనుప సామాన్ల కొట్టులో తూకానికి కొన్న ఉలిని, బాడిసను, గొడ్డలిని, వాటితో పాటు మా అమ్మ వాడిన కత్తిపీటను నీ చేతులతోనే బాగుచేయాలని పూనుకున్నావనీ, అందుకోసం కరెంటు గ్రైండరు కొనబోతున్నావనీ మీ అమ్మ చెప్పింది. పూనిక మంచిదే కాని, గ్రైండరు మాత్రం ఇప్పుడే కొనవద్దు.

ఎందుకంటున్నానో విను. పాతికేళ్ల వయసులో నేను మా నాన్నగారి ఉలిని తిరిగే సానమీద పెట్టి, ఆదరాబాదరాగా అదిమి పట్టాను. రెండు నిమిషాల్లో అంచు నీలంగా మారింది. అందంగా ఉందని మురిసిపోయాను కూడా. కమ్మరి ఉలికి నీళ్లు పట్టి గట్టిపరిచిన తరువాత దాన్ని మళ్లీ కొద్దిగా కాచి పెళుసుతనం తగ్గిస్తాడు. అలా కాచేటప్పుడు సుమారు 220 డిగ్రీల దగ్గర ఉక్కు మీద ఎండుగడ్డి రంగు కనిపిస్తుంది, 300 డిగ్రీలకు చేరువైతే నీలం వస్తుంది. ఉలి అంచుకు ఆ నీలం వచ్చిందంటే దాని గట్టిదనం పోయినట్టే. ఆ ఉలి పనస కర్రలో నాలుగు దెబ్బలకే మొద్దుబారేది. నీలం పోయేదాకా అరగదీసేసరికి అర అంగుళం ఉక్కు నేల పాలైంది.

కాబట్టి తీసేసిన లోహం తిరిగి రాదన్న లెక్కతోనే ప్రతి పనీ మొదలుపెట్టు. ముందు తుప్పు సంగతి. గోరుతో గీకితే ఎర్రగా పొడిలా రాలిపడేదే పోవలసిన తుప్పు. దాని కింద గట్టిగా అంటుకుని ఉన్న నల్లటి పొర పనిముట్టుకు చేటు చేయదు. దాన్ని అద్దంలా మెరిపించాలని చూసేవారు, కమ్మరి వేసిన ముద్రను కూడా అరగదీసి పారేస్తారు. కిరసనాయిలులో ఒక రాత్రి నానబెట్టి, తీగ బ్రష్షుతో రుద్దితే చాలామటుకు వదులుతుంది. అప్పటికీ మొండికేస్తే తెల్ల వెనిగర్‌లో ముంచు. అయితే ముంచి మరిచిపోవద్దు. నాలుగైదు గంటలకోసారి తీసి చూడాలి, ఎందుకంటే తుప్పు అయిపోయాక ఆ పులుపు మంచి ఇనుమునే తినడం మొదలుపెడుతుంది. బయటికి తీసిన వెంటనే వంట సోడా కలిపిన నీటిలో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, ఎండలో వెచ్చబెట్టి నూనె రాయకపోతే, నువ్వు చూస్తుండగానే మళ్లీ ఎర్రబారుతుంది.

పదును పెట్టే ముందు ఇంకొకటి గమనించాలి. పూర్వం ఉక్కు ఖరీదైనది కనుక, చాలా పనిముట్లకు ఒళ్లంతా మెత్తని ఇనుము ఉంచి, అంచున మాత్రమే ఉక్కు పట్టీని కొలిమిలో అతికేవారు. శుభ్రం చేశాక అంచు పక్కన రంగు మారే గీత కనిపిస్తే నీ ఉలి అలాంటిదే. ఆకురాయిని తేలికగా ఆనించి చూడు: ఉక్కు మీద జారుతుంది, ఇనుమును కొరుకుతుంది. ఆ గీత దాటేదాకా అరగదీస్తే ఇక మిగిలేది పదును నిలవని ఇనుప ముక్క.

ఉలికి వాలు, అంటే అంచు దగ్గర ఏటవాలుగా ఉండే ముఖం, ఎంత ముఖ్యమో, దాని వెనుక ఉండే చదును ముఖమూ అంతే ముఖ్యం. కొత్తవాళ్లు దాన్ని పట్టించుకోరు. గ్రానైటు పలక మీద వాటర్ పేపరును (తడిపి వాడే గరుకు కాగితాన్ని) పరచి, 220 నంబరు గరుకుతో మొదలుపెట్టి 400, 1000 నంబర్ల నునుపు వరకు, అంచు దగ్గరి రెండు అంగుళాల మేర గుంటలు పోయేదాకా రుద్దు. పూర్తి వెడల్పునా ఒకే మెరుపు వచ్చాక వాలు వైపు తిప్పు. వాలు 25 డిగ్రీలు ఉంచి, కొస మాత్రం 30 డిగ్రీలకు తేల్చు. సానరాయి మీద కొంతసేపు నూరాక అవతలి వైపు వేలికి సన్నని మడత తగులుతుంది. అది అంచు పొడవునా తగిలితేనే ఆ రాయి పని అయినట్టు. ఆ మడతను తోలు పట్టీ మీద రాసి తీసేయాలి. చేతి రోమాలు గీసి చూసుకోవద్దు, మెత్తని చెక్కకు అడ్డంగా కోసి చూసుకో.

బాడిసకు వాలు ఏ వైపు ఉంటే ఆ వైపే నూరాలి. గొడ్డలి అంచు మరీ పలచనైతే ముడి తగిలినచోట విరుగుతుంది, కాస్త బొద్దుగానే ఉండనీ. కక్కు కొడవలి ఎప్పుడైనా చేతికొస్తే దాని పళ్ల జోలికి పోక, కమ్మరి చేత కక్కు కొట్టించు.

కత్తిపీట కూరగాయలు తరిగేది కనుక దానికి కిరసనాయిలు, యంత్రాల నూనె తగలనివ్వవద్దు, కొబ్బరినూనె చాలు. ఇక్కడ మా ఉద్దానంలో ఉప్పుగాలికి పది రోజులకొకసారి రాస్తాను, నీకు నెలకొకసారి సరిపోతుంది. చెక్క పిడికి అవిసె నూనె పట్టిస్తే, తుడిచిన గుడ్డను ఉండచుట్టి మూలన పడేయవద్దు. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుట్టి, గుడ్డ దానంతటదే అంటుకోగలదు; నీటిలో తడిపి, విప్పి ఆరవేయి.

వీలు చూసుకుని బొబ్బిలి దగ్గరి గొల్లపల్లికి ఒకసారి వెళ్లు. పనస మానును తొలిచి వీణ చేసేవారి ఉలి చెక్కలో ఎలా నడుస్తుందో చూస్తే, ఎంత పదును కావాలో నేను రాసిన దానికన్నా బాగా తెలుస్తుంది.

పగిలిన ఉలి పిడిని మేకులు కొట్టి నిలపాలని చూడకు. దసరాకు వచ్చేటప్పుడు వెంట తీసుకురా. రెండేళ్లుగా నీడన ఆరిన తుమ్మ ముక్క నా దగ్గర ఉంది. చెక్కడం నేను చూపిస్తాను, పిడి చీలకుండా దాని కొసకు తొడిగే లోహపు పొన్ను మాత్రం నువ్వే బిగించాలి.

ఇట్లు,
మామయ్య