ఒపెరాలో రెసిటటివ్‌కీ ఆరియాకీ తేడా ఏమిటి?
కథను నడిపేది రెసిటటివ్. అంటే మాట్లాడినట్టే పాడటం. తాళం పట్టింపు తక్కువ, మాట వేగమే పాట వేగం. మోజార్ట్ 'ఫిగారో పెళ్లి' (1786, వియన్నా)లో గొడవలు, కబుర్లు చాలావరకు హార్ప్సికార్డ్ లాంటి కీబోర్డ్ ఆసరాతో ఇలాగే గబగబా సాగిపోతాయి.

ఆరియా, అంటే ఒక్కరే పాడే పూర్తి పాట, వచ్చిందంటే కథ ఆగుతుంది, పాత్ర మనసు విప్పుతుంది. అదే ఒపెరా మూడో అంకంలో, భర్త ప్రేమకు దూరమైన కౌంటెస్ (ప్రభువు భార్య) ఒంటరిగా పనిమనిషి సుసాన్నా కోసం ఎదురుచూస్తుంది. ఆ టెన్షన్ అంతా రెసిటటివే, కాకపోతే ఇక్కడ ఆర్కెస్ట్రా తోడుంటుంది. తర్వాత నెమ్మదిగా ఆరియా మొదలవుతుంది: ఆ మంచి క్షణాలు ఏమైపోయాయి? అదే మాట మళ్లీ మళ్లీ పాడుతుంది. చివర్లో వేగం పెరుగుతుంది, భర్త మనసు మారుతుందన్న ఆశతో. నాకు ఒపెరా మొత్తంలో ఇంతకంటే ఇష్టమైన చోటు లేదు. ముందున్న రెసిటటివ్ దాటేయకుండా వినండి.