రాత బాగానే ఉంది కదా, మళ్లీ మెషిన్ ఎందుకు?

ఒంగోలు నుంచి ఒకరు అడిగారు: "మా అక్క టీచర్. ఆరు నెలలుగా పెన్ను పట్టుకుంటే వేళ్లు బిగుసుకుపోతున్నాయి. ట్యాబ్లెట్ మీద రాయించి, పెన్ను పట్టు కొలిచే పరీక్ష చేయించమన్నారు డాక్టర్ గారు. రాత చూస్తే తెలిసిపోదా? ఈ ఖర్చు అవసరమా?"

నేను కందుకూరులో డాక్యుమెంట్ రైటర్‌ని, 22 ఏళ్ల నుంచి ఇదే పని. దస్తావేజులు ఇప్పుడు కంప్యూటర్‌లోనే కొడుతున్నాం గానీ, చిత్తు చేత్తో రాసుకుంటేనే సర్వే నంబర్లూ హద్దులూ నాకు కుదురుతాయి. నాలుగేళ్ల కిందట ఒకరోజు నాలుగు హద్దులు రాస్తుంటే చూపుడువేలు పెన్ను మీద కొక్కెంలా వంగిపోయింది. వదలమన్నా వదలదు. చిత్రమేమిటంటే అన్నం కలిపేటప్పుడూ, బండి తోలేటప్పుడూ అదే వేలు బుద్ధిగా ఉండేది. మెడకు ఎక్స్‌రే, బలం బిళ్లలు, నూనె మర్దన అంటూ ఆరు నెలలు గడిచాయి. టెన్షన్ తగ్గించుకోమన్న వాళ్లకైతే లెక్కే లేదు.

చివరికి నెల్లూరులో ఒక న్యూరాలజీ డాక్టర్, ఇలా రాసేటప్పుడే వేళ్లు బిగుసుకుపోయే జబ్బును రైటర్స్ క్రాంప్ అంటారని చెప్పి చెన్నై పంపారు. మీ అక్కకు చెప్పిన పరీక్ష నాకు అక్కడే చేశారు.

మీ ప్రశ్నే నేనూ అడిగాను. "నా అక్షరాలు చూడండి సార్, ముత్యాల్లా లేవూ?" అన్నాను. నిజంగానే ఉన్నాయి. కానీ కాగితం మీద మిగిలేది అక్షరం ఒక్కటే. దాన్ని రాయడానికి చెయ్యి ఎంత అవస్థ పడిందో అందులో కనిపించదు. ట్యాబ్లెట్ పెన్ను మొన ఎక్కడుందో, ఎంత గట్టిగా ఆనుతోందో సెకనుకు 200 సార్ల దాకా నమోదు చేస్తుంది. మొన కాస్త పైకి లేచి గాలిలో తిరిగినా పట్టుకుంటుంది. మన తెలుగుకి ఇది బాగా పనికొస్తుంది. తలకట్టుకీ, ఒత్తుకీ, కొమ్ముకీ పెన్ను ఎత్తి ఎత్తి పెడతాం కదా! నేను ఒత్తు పెట్టడానికి పెన్ను ఎత్తి, గాలిలోనే తటపటాయించేవాణ్ణి. నాకే తెలియదు, గ్రాఫ్ చూపిస్తే తెలిసింది.

ఇంకొకటి వేగం. చెయ్యి తిరిగిన రాతలో ఒక్కో గీతకు వేగం ఒకసారి పెరిగి ఒకసారి తగ్గుతుంది, నున్నటి గుట్టలా. నాది మాత్రం ఒకే గీతలో నాలుగైదు చోట్ల ఎగుడుదిగుడుగా ఉంది. అలవాటుగా సాగిపోవాల్సిన రాతని నేను ఆపి ఆపి నడిపిస్తున్నానన్నమాట.

పట్టు సంగతి వేరు. దాన్ని చాలామంది గుప్పెటతో పిండే మీటర్‌తో కలిపేస్తారు. ఆ మీటర్ మీలో ఉన్న బలమంతా ఎంతో చెబుతుంది. అందులో నేను ఫస్టుక్లాసు! సెన్సర్లున్న పెన్ను చెప్పేది, రాయడానికి అవసరమైన దానికన్నా ఎంత ఎక్కువ నొక్కుతున్నారో. నాది మామూలు వాళ్లకు రెండింతల పైనే వచ్చింది. పైగా పేజీ కింది వరుసలకు వచ్చేసరికి ఇంకా పెరిగింది. కాగితం మీద మొన ఆనే బలం మాత్రం మామూలే. అంటే కాగితాన్ని కాదు, పెన్నునే పిసికేస్తున్నాను.

ఈ అంకెలు చూసి జబ్బు పేరు చెప్పేస్తారనుకోకండి. పేరు చెప్పేది డాక్టరే, చెయ్యి చూసి, కథంతా విని. పార్కిన్సన్స్ అయితే అక్షరాలు పోనుపోను చిన్నవవుతాయి, వణుకు సాధారణంగా సెకనుకు 4 నుంచి 6 సార్లు, చెయ్యి ఊరికే ఒళ్లో పెట్టుకున్నప్పుడే ఎక్కువ. నా దగ్గర అవేవీ లేవు.

నా లెక్కలో పరీక్ష ఖర్చు గిట్టింది రెండోసారి చేసినప్పుడు. ముంజేతి కండరాల్లో బొటులినం టాక్సిన్ అనే, బిగిసిన కండరాన్ని సడలించే మందు ఇంజెక్షన్ ఇచ్చారు. దాని ప్రభావం మూడు నెలల చిల్లర ఉంటుంది. మొదటి డోసు తర్వాత పెన్ను వేళ్లలోంచి జారిపోయింది, రాత కోడి కెలికినట్టయింది. దండగ అనుకున్నాను. కొలిస్తే పట్టు బాగా దిగింది, గీతల వేగం నున్నబడింది. వేలిని వంచే కండరానికి మందు కాస్త ఎక్కువైందంతే. తర్వాతిసారి డోసు తగ్గించారు. పాత కొలత లేకపోతే నేను ఆ దారే వదిలేసేవాణ్ణి. ఇప్పుడు సైకిల్ ట్యూబు ముక్క చుట్టిన లావుపాటి పెన్నుతో రోజూ రెండు పేజీలు రాస్తున్నాను.

వెళ్లేటప్పుడు గుర్తుంచుకోండి. నున్నటి గాజు మీద రాస్తే చెయ్యి జారుతుంది, ట్యాబ్లెట్ మీద కాగితం పరిచి, ఆ ట్యాబ్లెట్‌కి సరిపడే ఇంకు పెన్నుతో రాయించమని అడగండి. ఇంగ్లీషు 'l'లు వరసగా కలిపి రాసినట్టుండే మెలికలతో పాటు తెలుగు వాక్యం కూడా రాయిస్తే మంచిది. ఆ సెన్సర్ పెన్ను మామూలు దానికన్నా లావు, ఒక పేజీ అలవాటయ్యాక కొలవమనండి. కాఫీ, ఆయాసం ఇన్‌హేలర్ లాంటివి వణుకు పెంచుతాయి కాబట్టి వాడుతుంటే ముందే చెప్పండి. ఆవిడ రెండేళ్ల కిందట రాసిన నోట్సు ఏదైనా దొరికితే పట్టుకెళ్లండి.

ఇంకో మాట, బోర్డు మీద సుద్దముక్కతో రాసేటప్పుడు కూడా వేళ్లు బిగుస్తున్నాయా, లేక పెన్నుకేనా? నన్ను మొదట అడిగింది ఇలాంటిదే. అక్కను ఒకసారి గమనించుకోమనండి.