షుగర్ పూర్తిగా నయమవుతుందని చెప్పే వీడియోను నమ్మవచ్చా?

మీ నాన్నగారు ఒక వీడియో చూసి, అందులో చెప్పిన మూలికల పొడి వాడుతూ షుగర్ గోళీలు మానేస్తానంటున్నారని, ఇలాంటి సమాచారంలో ఏది నమ్మదగినదో ఎలా తేల్చుకోవాలని అడిగారు. హన్మకొండలో మందుల దుకాణం నడుపుతున్న నాకు ఇలాంటి వీడియోలను కౌంటర్ మీద ఫోన్ పెట్టి మరీ చూపిస్తుంటారు. వాటిలో నేను మొదట వెతికేది, ఆ మందు ఎవరికి పనికిరాదో చెప్పారా లేదా అన్నది.

షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్ గోళీల సమాచార పత్రం తీసుకోండి. విరేచనాలు కావచ్చని, ఎక్కువ కాలం వాడితే విటమిన్ బి12 తగ్గవచ్చని, మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారు వాడకూడదని అందులో ఉంటుంది. నిబంధనలు రాయిస్తాయి కాబట్టే రాస్తారనుకోండి, అయినా మనకు కావలసింది అదే కదా. ఎవరైనా వాడవచ్చు, ఏ దుష్ప్రభావమూ లేదు అనేవారిని అక్కడే పక్కన పెడతాను.

వీడియోలో తమకు తగ్గిందని చెప్పేవారంతా అబద్ధమాడుతున్నారని నేను అనను. మన పల్లెల్లో కామెర్లకు పసరు తాగి బాగైనవారు చాలామందే కనిపిస్తారు. కానీ కలుషితమైన నీటితో, ఆహారంతో వచ్చి కామెర్లు తెచ్చే హెపటైటిస్ ఎ అనే కాలేయ జబ్బు చాలామందిలో కొన్ని వారాలకు దానంతటదే తగ్గిపోతుంది కనుక, పేరు పసరుకు దక్కుతుంది. హెపటైటిస్ బి ముదిరినవారు కూడా అదే పసరును నమ్ముకుని కూర్చుంటే కాలేయం దెబ్బతింటుంది. పసరు తాగనివారిలో ఎంతమందికి తగ్గిందో పక్కన పెట్టి చూడనిదే ఏమీ తేలదు.

మందుకు ముందు 280, తర్వాత 140 అని చూపే అంకెలూ అలాంటివే. మొదటిది భోజనం తర్వాత, రెండోది పరగడుపున తీసినదైతే ఆ తేడాకు పొడితో సంబంధమే లేదు. రక్తంలో షుగర్ సుమారు 3 నెలల సగటును తెలిపే హెచ్‌బీఏ1సీ అనే రక్తపరీక్ష రిపోర్టును అడిగి చూడండి. పైగా షుగర్‌ను నయం చేస్తుందంటూ మందుకు ప్రకటన ఇవ్వడమే 1954 నాటి మాయా చికిత్సల ప్రకటనల చట్టం కింద నిషిద్ధం.

నాన్నగారితో వాదనకు దిగకండి. గోళీలు ఆపనివ్వకుండా, ఆ పొడి డబ్బాను ఆయనను చూసే డాక్టరు ముందు పెట్టండి. మూలికల మందులని అమ్మినవాటిలో గ్లిబెన్‌క్లమైడ్ అనే షుగర్ మందు కలిపి దొరికిన సందర్భాలు ఉన్నాయి. గోళీలతో పాటు అలాంటిది కూడా పడితే షుగర్ ఒక్కసారిగా పడిపోయి స్పృహ తప్పవచ్చు.